విడుపు గది

కంచం గోడకి తగిలి పప్పన్నం క్యాలెండరు మీద చిమ్మింది. కంచం మాత్రం నేల మీద గిర్రున తిరిగి తిరిగి మంచం కిందికి పోయింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా తాయారు కదల్లేదు. ఆగాక గోడ గడియారం చూసి, కేంద్రం వాళ్లిచ్చిన ఫారాల కట్ట తీసి, ఆ రోజు కాగితం మీద రాసింది. ఒంటిగంటా పది. కోపం: ఎనిమిది. వస్తువులు విసరడం: అవును.

“నీకు కష్టంగా ఉందని నాకు అర్థమవుతోందమ్మా,” అంది ఆ తర్వాత.

ఆ మాట ఆవిడది కాదు. శిక్షణలో నేర్పింది. ఎంత మెత్తగా పలకాలో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో కూడా నేర్పారు. తాయారు బుద్ధెరిగాక అంత మెత్తగా మాట్లాడి ఎరగదు. ఉప్పాడ వెళ్లే రోడ్డు పక్కన వాళ్ల వీధి మొత్తానికి ఆవిడ గొంతు తెలుసు. పాలవాడు ఆలస్యమైతే ఆ సంగతి వీధి చివరి ఇంటికి కూడా తెలిసిపోయేది.

పదిహేనేళ్ల మేఖల గోడకి చేరగిలబడి తల్లి మొహంలోకి చూసింది. కళ్లు, పెదవులు, గడ్డం, ఒక్కొక్కచోటా ఏదో వెతుక్కున్నట్టు చూసింది. వెతికింది దొరకలేదు కాబోలు, లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. తాయారు క్యాలెండరు తుడిచి, మెతుకులెత్తి, గిన్నెలో మిగిలిన అన్నం తాను తినేసింది. భర్త సత్తిబాబు భోజనానికి రాగానే పిల్లని అతనికి అప్పజెప్పి, రొయ్యల హేచరీకి వేళవుతోందని చెప్పులేసుకుంది. గుండె దడ లేదు. చేతుల వణుకు లేదు. చెవి వెనకాల శనగబద్దంత బొత్తాం మాత్రం కాస్త వెచ్చబడింది.

బొత్తాం పెట్టించుకుని అప్పటికి నాలుగు రోజులు.

అంతకు ముందైతే అదే కంచానికి కథ వేరేలా నడిచేది. తాయారు నాలుగిళ్లకి వినబడేలా అరిచేది. మేఖల తల తలుపుకేసి కొట్టుకునేది. రొయ్యల చెరువు గట్టు మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేసే సత్తిబాబుకి ఎవరో ఫోన్ చేస్తే, గ్రీజు చేతుల్తో పరిగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడేవాడు. పిల్లకి పదమూడో ఏట మొదలైంది ఇది. ఉన్నట్టుండి కోపం, తర్వాత రోజుల తరబడి మౌనం, ఒక్కోసారి గేటు దాటి ఎటు పోతుందో తెలియకుండా పోవడం. పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. మనసు డాక్టరు దానికో పేరు చెప్పి మందులిచ్చాడు. మందులు కొంత పనిచేశాయి, కొంత చేయలేదు.

సలహాలకి మాత్రం కొదవ లేదు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. ఒకరు రెండు తగిలించమన్నారు. సత్తిబాబు పెదనాన్న వరసాయన ఒకడు, తన పిల్లలు తనకి నమస్కారం కూడా పెట్టరు గానీ, పెంపకం గురించి గంటన్నర మాట్లాడి కాఫీ తాగి వెళ్లాడు. పిల్లని చూసుకుంటున్నవాళ్లని ఎవరు చూసుకుంటున్నారన్న ముక్క ఒక్కరికీ తట్టలేదు.

తట్టినావిడ డాక్టర్ సుధేష్ణ. కాకినాడలో పిల్లల మానసిక వైద్యశాల పై అంతస్తులో ఆవిడ పరిశోధన కేంద్రం. తాయారు అక్కడికి పిల్ల చీటీ పట్టుకుని వెళితే, ఆవిడ చీటీ పక్కన పెట్టి, మీరు కడుపునిండా తిని ఎన్నాళ్లయిందని అడిగింది. తాయారు కుర్చీలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండేళ్లలో ఆవిణ్ణి ఆవిడ గురించి అడిగిన మొదటి మనిషి ఆ డాక్టరే.

డాక్టరు చెప్పింది తేలికైన సంగతే. ఇలాంటి ఇళ్లలో పిల్ల భయం తల్లికి అంటుకుంటుంది, తల్లి భయం మళ్లీ పిల్లకి. అటూ ఇటూ ఎగదోసుకుంటూ పెరుగుతుంది. తల్లి వైపు ఆపగలిగితే సగం మంట అక్కడే ఆగుతుంది. బొత్తాం ఆ పని చేస్తుంది. ఒంట్లో భయం పుట్టి పైకి రాబోయే క్షణాన్నే పట్టి, పక్కన పెట్టి ఉంచుతుంది.

“పోగొట్టదు,” అంది డాక్టరు రెండుసార్లు. “పట్టి ఉంచుతుంది, అంతే. పట్టినదాన్ని వారం వారం విడవాలి.”

ఇంటికి ఒక్క బొత్తామే. ఎవరికి పెట్టాలన్న చర్చే రాలేదు. అరిచేది తాయారు కాబట్టి తాయారుకే పెట్టారు.

*

విడవడానికి కేంద్రంలో ఒక గది ఉంది. శనివారం పొద్దున పదింటికి. అందరూ దాన్ని విడుపు గది అనేవాళ్లు. రెండేసి కుర్చీలు ఎదురెదురుగా వేసుంటాయి. ఒక కుర్చీలో విడిపించుకునే మనిషి, రెండోదాంట్లో జోడీ. జోడీ కూడా అలాంటి ఇంటి నుంచి వచ్చినవాడే అయి ఉండాలి. డాక్టర్లు, నర్సులు పనికిరారు. పిల్లల్ని అసలు రానివ్వరు, పెద్దవాళ్ల భయం చూసి వాళ్లు బెదిరిపోకూడదని.

తాయారు జోడీ కరీముల్లా మాస్టారు. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాడు. కూతురు పోతే మనవణ్ణి ఆయనే పెంచుతున్నాడు. పన్నెండేళ్లవాడు. వాడి కోపం ముందు మేఖల కోపం చిన్నబోతుంది.

మొదటి శనివారం తాయారు కుర్చీలో కూర్చుంది. తెర మీద వారంలోని తారీకులూ గంటలూ వరసగా కనబడ్డాయి. నర్సు మొదటి దాని మీద వేలు పెట్టింది. మంగళవారం, ఒంటిగంటా పది. ఆ కంచం అప్పుడు తగిలింది తాయారుకి. గోడకి తగిలిన నాలుగు రోజులకి వచ్చి ఛాతీ మీద తగిలింది. పిల్లకి ఏమైపోతోంది, నేనేం చేశాను, నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు, అంతా ఒక్కసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుర్చీ కోళ్లు పట్టుకుంటే కుర్చీ కూడా వణికింది.

మాస్టారు సంచిలోంచి వెల్లుల్లి గడ్డలు తీసి ఇద్దరి మధ్యా పళ్లెంలో పోసి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు. మొదట్లో ఆయన ఇంటి పచ్చడి కోసం తెచ్చుకున్న వెల్లుల్లి అది. తన వంతు వచ్చినప్పుడు చేతులకి పనుంటే ఒళ్లు నిలబడుతుందని కనిపెట్టాడు. డాక్టర్ల కాగితాల్లో ఎక్కడా లేదు. అయినా ఆ గదిలో నలభై ఇళ్లవాళ్లూ వెల్లుల్లి ఒలుస్తూనే విడిపించుకునేవాళ్లు. ఒలిచింది కింద వంటశాలకి పోయేది. ఆ ఆసుపత్రి పప్పుచారులో వెల్లుల్లి కాస్త ఎక్కువగానే పడేది.

“రెబ్బ చితకనివ్వకు తాయారమ్మా,” అన్నాడు మాస్టారు. “అంతవరకు చూసుకో చాలు.”

నలభై నిమిషాలకి వారం అయిపోయింది. తాయారు మొహం కడుక్కుని, మాస్టారు వంతుకి ఎదుటి కుర్చీలో కూర్చుని ఆయనకి వెల్లుల్లి అందించింది. మధ్యాహ్నం ఇంటికెళ్లేసరికి ఏడ్చిన మొహం మేఖలకి తెలిసిపోయింది. పిల్ల ఆ రోజు తల్లి పక్కనే కూర్చుని అన్నం తింది.

అలా మూడు శనివారాలు బాగానే గడిచాయి.

నాలుగో శనివారం హేచరీలో లోడింగు పడింది. వేసవి పంట చెరువులకి రొయ్య పిల్ల వెళ్లే రోజులవి. ఎంతమంది రైతులు వ్యాన్లేసుకుని గేటు దగ్గర నిలబడతారో చెప్పలేం. తాయారు అక్కడ ఆ రొయ్య పిల్లని పరీక్ష చేసే మనిషి. ఆవిడ సరే అంటేగాని ట్యాంకు ఖాళీ చెయ్యరు. కేంద్రానికి ఫోన్ చేసి ఈ వారం రాలేనంది. ఆ వారమంతా ఏమీ కాలేదు. తరవాతి శనివారం కూడా లోడింగే. అప్పుడూ ఏమీ కాలేదు.

వరసగా రెండు మానకూడదని రూలు. మూడోసారి డాక్టర్ సుధేష్ణే ఫోన్ చేసింది. కేకలేస్తుందనుకుంది తాయారు. ఆవిడ గొంతు మాత్రం సంబరంగా ఉంది. నలభై ఇళ్లలో మీ ఇంటి గీతే అందరికన్నా బాగుందని చెప్పింది. కోపం ఎనిమిది నుంచి అయిదు, అయిదు నుంచి రెండు. వచ్చే నెల ఢిల్లీ నుంచి పెద్దలొస్తున్నారట, వాళ్లకి చూపించే ఇల్లు ఇదేనట. పని ఒత్తిడి తగ్గాకే రండి, నేను సంతకం పెడతాను, ఇబ్బంది లేదంది. మంచి డాక్టరే. కానీ రెండేళ్ల పరిశోధన తర్వాత గీత అలా కిందికి దిగుతుంటే, దాని వంక చూడకుండా మనుషుల వంక చూడటం మంచివాళ్లకీ కష్టమే.

తాయారుకి వెళ్లాలనిపించలేదు కూడా. నిజం చెప్పాలంటే ఆవిడకి ఏదీ అనిపించడం లేదు. ఒక్క భయాన్నే పట్టి ఉంచాల్సిన బొత్తాం, విడుపు లేకపోయేసరికి, భయం వెంట వచ్చేవన్నీ పట్టుకోవడం మొదలెట్టింది. కూర రుచి, పాట, పిల్ల నుదుటి వేడి. పొద్దున లేచేది, వండేది, ఫారం రాసేది, హేచరీకి పోయేది. రాత్రి పడుకోగానే నిద్ర పట్టేది. ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. తాయారు ఎంత మారిపోయిందో అన్నారు.

మెచ్చుకోనివాడు సత్తిబాబు ఒక్కడే. ఓ పొద్దున టిఫిను దగ్గర, ఇడ్లీ తుంచుతూ, తలెత్తకుండా అన్నాడు.

“నువ్వు అరిచినప్పుడే నయం తాయారూ. ఇంట్లో మనిషున్నట్టుండేది.”

“చట్నీ వేసుకోండి,” అంది తాయారు.

*

మేఖల కోపం నిజంగానే తగ్గింది. మొదట్లో పెంచి చూసింది. గాజుగ్లాసులు పగలగొట్టింది. తల్లి చీర బాల్చీలో వేసి సిరా పోసింది. ఓ రోజు పొద్దుటే గేటు తీసుకుని బీచిరోడ్డు మీద అంతర్వేదిదాకా పోతానన్నట్టు నడిచిపోతే, తాయారు స్కూటీ మీద వెనకే వెళ్లి, పక్కన ఆపి, నీకు కష్టంగా ఉందని నాకు అర్థమవుతోందమ్మా అంది. పిల్ల స్కూటీ ఎక్కింది. దారంతా తల్లి వీపు వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత పారిపోలేదు.

ఫారంలో అంకెలు దిగుతూ వచ్చాయి. రెండు. ఒకటి. సున్నా.

ఎనిమిదో వారం మేఖల తన రంగు పెన్సిళ్ల పెట్టె పక్కింటి చిన్నపిల్లకి ఇచ్చేసింది. ఆ పెట్టెని అంతకు ముందు ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మరుసటి వారం తలకి పెట్టుకునే క్లిప్పులు ఇచ్చింది. తర్వాత, నాన్నమ్మ చేసిపెట్టిన వెండి పట్టీలు తీసి తల్లి బీరువాలో పెట్టి, ఇవి చిన్నత్త కూతురికి బాగుంటాయమ్మా అంది. గది తుడుచుకుంది. పుస్తకాలు కట్టలు కట్టింది. ఫారంలో దానికో గడి ఉంది. ఇతరులతో పంచుకోవడం. తాయారు అక్కడ ‘బాగా మెరుగు’ అని రాసింది. చేతిరాత కూడా గుండ్రంగా, అందంగా వచ్చింది.

పదకొండో వారం, మంగళవారం సాయంత్రం నాలుగింటికి, వసారాలో కూర్చుని పిల్లకి జడ వేస్తోంది. నూనె రాసి, పాయలు తీసి, మూడో మెలిక వేస్తుండగా మేఖల ముందుకు చూస్తూనే అడిగింది.

“అమ్మా. నేను లేకపోతే నీకేమైనా అనిపిస్తుందా?”

కోపంగా అడగలేదు. టైమెంతైందని అడిగినట్టు అడిగింది. తాయారు దువ్వెన ఆపి, నిజాయితీగానే లోపల వెతికింది. అక్కడ ఏమీ లేదు. చెవి వెనకాల బొత్తాం చుర్రుమంది.

“నీకు కష్టంగా ఉందని నాకు అర్థమవుతోందమ్మా,” అంది.

మేఖల తలాడించింది. అడిగిన లెక్క సరిపోయినట్టు తలాడించింది. జడ అయిపోయాక థాంక్స్ చెప్పి లోపలికి పోయింది. తాయారు ఫారం తీసింది. కోపం: సున్నా. తనంతట తాను మాట్లాడటం: అవును.

*

బుధవారం పొద్దున హేచరీకి వెళ్లేసరికి యజమాని గేటు దగ్గరే ఉన్నాడు. శనివారం ఆవిడ సరేనన్న ఏడో నంబరు ట్యాంకు పిల్ల చెరువులో వేసిన మూడో రోజుకే చచ్చి తేలిపోయిందట. రైతులు పొద్దుటి నుంచీ ఫోన్లు. పదహారేళ్లలో ఆవిడ చేతి మీదుగా ఒక్క ట్యాంకు తప్పిపోలేదు. అసలేం చూశావమ్మా అన్నాడాయన, కోపం కన్నా ఆశ్చర్యంగా. తాయారు చూసిన కాగితాలన్నీ చూపించింది. నీళ్లలో ఉప్పు సరిగ్గా ఉంది, వేడి సరిగ్గా ఉంది, పొడుగు సరిపోయింది. పిల్ల ఎంతో నెమ్మదిగా ఉంది కూడా.

ట్యాంకులు కడిగే నూకాలు ఆ మాట విని లోపలికెళ్లి, ఆ ట్యాంకులో అడుగున మిగిలిన పిల్లని తెల్లబేసినులో పట్టుకొచ్చింది. నూకాలుకి అక్షరమ్ముక్క రాదు. తాయారు చేస్తుంటే పదేళ్లుగా చూస్తోంది. బేసినులో చెయ్యి పెట్టి నీళ్లని గుండ్రంగా తిప్పి, చెయ్యి తీసేసింది. ప్రతి ట్యాంకుకీ తాయారు మొట్టమొదట చేసే పని అది. బలమున్న పిల్ల తిరిగే నీళ్లకి ఎదురీదుతుంది. అంచు పట్టుకుంటుంది. బేసినులో పిల్ల ఒక్కటీ ఈదలేదు. నీళ్లు ఎటు తిప్పితే అటు తిరిగి, మధ్యలో కుప్పగా చేరింది.

“ఇది సేసి సూళ్లేదేంటమ్మగోరూ?” అంది నూకాలు. “నెమ్మదిగా ఉందని ఒగ్గేశారా? ఎదురీదడం మానేసింది గదా, ఇంక నెమ్మదిగా కాక ఎలాగుంటది?”

తాయారు ఆ బేసిను వంక చాలాసేపు చూసింది. శనివారం ఎందుకు తిప్పి చూడలేదో గుర్తొచ్చింది. ఎప్పుడూ ట్యాంకు దగ్గరికెళ్లగానే కడుపులో చిన్న కంగారు పుట్టేది, చెయ్యి దానంతటది నీళ్లలోకి పోయేది. ఈసారి కంగారు పుట్టలేదు. చెయ్యి పోలేదు. పదకొండు వారాల్నించీ పుట్టడం లేదు.

పెన్సిళ్ల పెట్టె. క్లిప్పులు. పట్టీలు. నేను లేకపోతే.

భయం వేయలేదు. అదే ఘోరం. బుర్ర మాత్రం లెక్కలు చేసుకుంటూ పోయింది, ఉత్త బుర్ర, ఒక్కదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ. భయపడాల్సిన చోట ఉన్నానని, భయం వేయడం లేదని, అయినా భయం వేసిన మనిషి ఏం చేస్తుందో అది చెయ్యాలని అనుకుంది. సత్తిబాబుకి ఫోన్ చేసింది. ఉన్నపళంగా ఇంటికెళ్లు, పిల్ల పక్కనే కూర్చో, నేనొచ్చేదాకా కన్ను తిప్పకు అని చెప్పింది. ఆవిడ గొంతులో తొందర లేదు. అయినా అతను చేతిలో పానా అక్కడే పడేసి వెళ్లాడు. పానా అక్కడే పడేసి వెళ్లాడు.

తాయారు ఇంటికి చేరేసరికి మేఖల మంచం మీద కూర్చునుంది, సత్తిబాబు గుమ్మంలో. తాయారు ఎదురుగా నేల మీద కూర్చుని, చచ్చిపోవాలనుకుంటున్నావా అని సూటిగా అడిగింది. శిక్షణలో నేర్పినవాటిలో నిజంగా పనికొచ్చింది అదొక్కటే, తిప్పకుండా అడగమని. మేఖల ఊఁ అంది. సత్తిబాబు వచ్చి పిల్ల పక్కన మంచం మీద కూర్చున్నాడు. తాయారు లేచి పిల్లకి చెప్పులు తెచ్చిచ్చింది.

*

కాకినాడ వైద్యశాలలో పిల్లల డాక్టరు మేఖలతో గంటన్నర మాట్లాడాడు. కొన్నాళ్లు ఇక్కడే, కింది వార్డులో, ఎవరో ఒకరు పక్కనుండేలా ఉంచుదామన్నాడు. సరైన రోజుకే తీసుకొచ్చారన్నాడు. పిల్ల ఒప్పుకుంది. ఇప్పుడు దేనికైనా ఒప్పుకుంటోంది.

పై అంతస్తులో డాక్టర్ సుధేష్ణ ముందు మేఖల ఫారాలు పరిచి ఉన్నాయి. పంచుకోవడం, బాగా మెరుగు. ఆవిడ దాని మీద వేలుంచి, మళ్లీ తీసేసింది. ఈ గీత నేను అందరికీ చూపించాను తాయారుగారూ, అంది. నా తప్పేనంది. రూలు నేను పెట్టిందే, సంతకం పెట్టి నేనే దాటించానంది. తాయారుకి ఆవిడ మీద కోపం రాలేదు. రావాల్సిందని తెలుసు.

“విడిపించండి,” అంది తాయారు.

కుదరదంది డాక్టరు. ఎనిమిది వారాలది ఒక్కసారి విడిస్తే గుండె తట్టుకోదు. వారానికి కొంచెం, అదీ నెలల మీద. తాయారుకి ఆ సంగతి డాక్టరు కన్నా బాగా తెలుసు. హేచరీ నీళ్లలోంచి చెరువు నీళ్లలోకి పిల్లని ఒక్కసారి వదలకండి, మగ్గు మగ్గు చొప్పున కలపండి అని రైతులకి పదహారేళ్లుగా చెబుతున్నది ఆవిడే.

“మొత్తం వద్దు మేడం. ఒక్కటి. నిన్న సాయంత్రం నాలుగింటిది.”

డాక్టరు తెర తెరిచి చూసింది. నిన్నటి నాలుగు గంటల దగ్గర ఉన్న గుర్తు మిగతా వాటికి నాలుగింతలుంది. ఆవిడ గుండె చూసే యంత్రం పెట్టించి, సరేనంది.

కరీముల్లా మాస్టారు కబురందగానే ఆటోలో వచ్చాడు. ఏడు శనివారాలు ఎదుటి కుర్చీ ఖాళీగా పెట్టుకుని కూర్చున్న మనిషి. సంచి విప్పి, వెల్లుల్లి పళ్లెంలో పోశాడు.

బయట బెంచీ మీద తండ్రి పక్కన మేఖల కూర్చునుంది. నర్సు తలుపు మూయబోయింది. తాయారు వద్దంది. రూలు గుర్తుచేసింది డాక్టరు.

“మూడు నెలల్నించి నా మొహంలో ఏదో వెతుక్కుంటోంది మేడం,” అంది తాయారు. “అది మీ దగ్గరుంది.”

డాక్టరు బయటికెళ్లి పిల్లల డాక్టరుతో మాట్లాడి, మేఖలనే అడిగింది, తలుపు తెరిచి ఉంచమంటావా అని. తెరిస్తే ఏంటి, మూస్తే ఏంటి అన్నట్టు భుజాలెగరేసింది మేఖల. డాక్టరు తలుపు సగం తెరిచి వచ్చింది. నర్సు తెర మీద వేలు పెట్టింది.

మొదట నూనె వాసన వచ్చింది. తర్వాత చేతిలో జడ బరువు. నల్లటి, ఒత్తైన, మూడో మెలిక దగ్గర ఆగిన జడ. ఆ జడ పుట్టువెంట్రుకలప్పటి నుంచీ తాను దువ్వింది. ఆ తల ముందుకు చూస్తూ అడుగుతోంది. అప్పుడు వినబడింది తాయారుకి. వెల్లుల్లి గడ్డ పిడికిట్లో నలిగిపోయింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. తాయారు లేచి నిలబడి అరిచింది.

“ఎంత మాటన్నావే! లేకపోతే ఏమనిపిస్తదా? నిన్ను కని, పెంచి, నీ చుట్టూ తిరిగేదాన్ని పట్టుకుని అడగడానికి నోరెలా వచ్చిందే నీకు! నువ్వు లేకపోతే నేనెందుకే? ఇంకోసారి ఆ మాటంటే చూడు! వింటున్నావా? మేఖలా!”

ఆసుపత్రి మూడంతస్తులకీ వినబడి ఉంటుంది. కింద ఎవరో ఏమైందని అడుగుతున్నారు. పళ్లెం తిరగబడి వెల్లుల్లి గదంతా చెదిరిపోయింది. సత్తిబాబు కంగారుపడి లోపలికి రాబోతే, మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

తండ్రి పక్కనుంచి మేఖల దూసుకొచ్చింది.

“ఇప్పుడా అరుస్తావు?” అంది. గొంతు చిరిగిపోయినట్టుంది. “కంచాలు విసిరాను. గ్లాసులు పగలగొట్టాను. రోడ్డెమ్మట పోయాను. అప్పుడేం చేశావ్? అర్థమవుతోందమ్మా, అర్థమవుతోందమ్మా! ఏం అర్థమైందే నీకు? నీ మొహం చూస్తే నాకు భయమేసేది. నేనప్పటికే పోయాననుకున్నానమ్మా. ఇన్ని రోజులు ఎక్కడికి పోయావ్?”

తాయారు నేల మీద కూలబడింది. ఒళ్లంతా వణుకుతోంది, పళ్లు కొట్టుకుంటున్నాయి. మేఖల నిలబడే ఉంది, రొప్పుతూ, పిడికిళ్లు బిగించి, మొహమంతా ఎర్రబడి. అలా ఆ పిల్లని చూసి ఎంత కాలమైందో. నర్సు యంత్రం చూసి తలూపింది. తెర మీద మిగతా వారాలన్నీ అలాగే ఉన్నాయి, ఎనిమిదీ, ఒక్క సాయంత్రం తక్కువ. అవన్నీ రావాలి. శనివారం తర్వాత శనివారం.

మాస్టారు ఒంగి వెల్లుల్లి ఏరుతున్నాడు. మేఖల కొంచెంసేపు చూసి, కోపంగానే, తన కాళ్ల దగ్గర పడినవి నాలుగు తీసి పళ్లెంలో విసిరింది. ఒకటి ఆయన చేతికి తగిలింది. ఆయన కుర్చీ ఇంకొకటి లాగి పళ్లెం దగ్గరగా వేశాడు. మేఖల దాని అంచు మీద కూర్చుంది.

డాక్టర్ సుధేష్ణ అలవాటు కొద్దీ ఆ రోజు ఫారం చేతిలోకి తీసుకుంది. తీసుకున్నాక సిగ్గుపడింది. అయినా తాయారు వైపు చూసి, మేఖల కోపం ఎంతని రాయమంటారని మెల్లగా అడిగింది.

“పదికి పది రాయండి మేడం,” అంది తాయారు. అప్పుడు ఏడ్చింది.

“అమ్మది కూడా రాయండి,” అంది మేఖల.

డాక్టరు ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. నిద్రకి గడి ఉంది, తిండికి ఉంది, కోపానికి, మాటలకి, పంచుకోవడానికి ఉంది. తల్లికి గడి లేదు.

“లేదమ్మా,” అంది.

“అయితే పక్కన చేత్తో రాయండి,” అంది మేఖల, వెల్లుల్లి పొట్టు గోటితో లాగుతూ.